హాజరు

కళాశాలలో ప్రతిదినం ప్రదర్శితమయ్యే నాటకాలలో హాజరు పట్టీ నాటకానికి సాటి లేదు. అధ్యాపకుడు పట్టీ విప్పగానే తెర లేస్తుంది. బల్లల మీద ముప్పై మందే ఉన్నా నలభై పేర్లూ పలుకుతాయి. రాని మిత్రునికి గొంతు అరువిచ్చే దాతలకు వెనుక బల్లలలో కొదువ లేదు. ఒకే పేరుకు రెండు మూలల నుంచి ఇద్దరు దాతలు పలికిన రోజున మాత్రం ఆ దానగుణం బయటపడి తరగతి గొల్లుమంటుంది.

ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడిన ఈ 'హాజరు' అన్న మాటకు తెలంగాణ చదువులతో పాత చుట్టరికం ఉంది. నిజాం కాలంలో చదువు ఉర్దూలో సాగేది. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. ఆ బాలుని దేహం ఉర్దూ తరగతిలో ఉన్నా, మనసు హరికథలను, జంగం కథలను ఆశ్రయించింది. 'విశ్వంభర' కావ్యంతో 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని గెలుచుకున్నది ఆ మనసే. దేహం హాజరు ఒకటి, మనసు హాజరు మరొకటి. పట్టీలో మొదటిదానికే గడి ఉంటుంది.

ఇక ఆలస్యానికి చెప్పే కారణాలు ఊరికొక తీరు. జగిత్యాలలో నేరమంతా పల్లె బస్సుది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు బస్సు ప్రయాణం ఉచితం కావడంతో, "చిల్లర లేదని కండక్టరు దింపేసిండు సార్" అన్న సాకు మగపిల్లల సొత్తుగా మిగిలింది. శుక్రవారం సంగతి వేరు. ఆనాడు సౌదీలో సెలవు. కూలికై వెళ్లిన తండ్రి తీరికగా ఫోనులో కనిపించే దినమది. సంచిలో ఫోను మోగగానే వరండాలోకి పరుగెత్తిన కుర్రవాడు కళ్ళు తుడుచుకుంటూ తిరిగి వస్తాడు. "దుమ్ము పడ్డది సార్" అంటాడు. వానాకాలంలో దుమ్మెక్కడిదని ఏ అధ్యాపకుడూ అడగడు.

కోరుట్లలో ఒక విద్యార్థిని నోటుపుస్తకం తెరిస్తే చాలు, దిద్దేవారికి తుమ్ములు ఆగవు. రాత్రి తల్లి చాటలోని తునికాకును, తంబాకును పక్కకు జరిపి అదే దీపం కింద రాసిన పాఠమది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కగట్టే ఇంట్లో పెరిగినందున, వేల గుణకారంలో ఆమెను మించినవారు తరగతిలో లేరు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి మోతలో పెరిగిన కుర్రవాడు రహస్యం చెప్పినా పక్క తరగతికి వినిపిస్తుంది. రాత్రంతా సాంచాల దగ్గర తండ్రికి ఆసరాగా నిలిచిన మరొకనికి తరగతి నిశ్శబ్దమే జోలపాట. అతడు కునికిపాట్లు పడుతుంటే మొదట్లో అందరూ నవ్వేవారు. కారణం తెలిసిన తరువాత నవ్వు ఆగలేదు గాని, దాని రుచి మారింది. అది ఎగతాళి నుంచి ఆత్మీయతకు వచ్చింది.

ఒకనాడు హాజరు పిలుపులో అతని పేరు వచ్చింది. జవాబు లేదు. ప్రతిదినం రానివారికై పలికే వెనుక బల్ల దాత లేచి, ఈసారి మెల్లగా ఇలా అన్నాడు:

"ఉన్నడు సార్. జర సేపు పండనియ్యండి."

అధ్యాపకుడు హాజరు వేశాడు. ఒకరి గొంతు మరొకరికి అరువైనా, ఆ దినం పట్టీలోకి అబద్ధం ఎక్కలేదు.