దిద్దని పాట
1994లో వెలువడిన ‘బీ థౌజండ్’ అను గీతసంపుటిని నేను రాత్రివేళ దీపమార్పి వినుచుందును. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, డేటన్ నగరమున, బడిపిల్లలకు పాఠములు చెప్పుచు బ్రదుకు వెళ్ళబుచ్చిన రాబర్ట్ పోలార్డ్, ‘గైడెడ్ బై వాయిసెస్’ అను తన మిత్రబృందముతో, ఇండ్ల నేలమాళిగలలోను గరాజులలోను, నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రముపై పట్టియుంచిన 20 పాటలవి. అన్నియు కలిసి 40 నిమిషములైనను లేవు. టేపు బుస వానికి తంబురా శ్రుతివలె అంటియుండును. మొదటి పాట నడుమ గిటారు హఠాత్తుగా మాయమై, మరల వచ్చును. దానిని దిద్దక విడిచినందులకు నేనెంత కృతజ్ఞుడనో చెప్పజాలను. ఏలయన, ఆ వెలితిలో గది గోడలు, పనిదినపు అలసట, ఐనను పాడితీరవలెనను ఆత్రము నాకు స్పష్టముగా వినవచ్చును. స్టూడియోలో నున్నగా చెక్కిన గీతమును మెచ్చుకొందును. దీనిని మాత్రము, ప్రక్కయింటి కిటికీనుండి వచ్చు కూనిరాగమువలె, ఊపిరి బిగబట్టి, చెవియొగ్గి విందును.