ఫోటోలోని ఆటో

రజబ్ నెలలో ఒక గురువారం టెక్కలిలో నిఖా చదివించవలసి ఉండి, తమ్ముడి కారు తీసుకుని కవిటి నుంచి బయలుదేరాను. మదరసాలో పిల్లల సబఖ్ విని లేచేసరికే ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని జాతీయ రహదారి మీద పూడ్చుకోవాలనుకున్నాను. తీరా చేరేసరికి పెళ్లికొడుకు తరఫు వారే రాలేదు. మరో ముప్పావుగంట షామియానా కింద ఖాళీగా కూర్చున్నాను.

కొన్ని రోజుల తర్వాత తమ్ముడు నా ఫోనుకు ఒక చలానా పంపాడు. కింద "భాయ్‌జాన్, ఇది మీరే" అని మాత్రం రాశాడు. హరిపురం దాటాక తీసిన ఫోటో అది. గంటకు 117 కిలోమీటర్ల వేగం నమోదైంది. మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్ర ప్రభుత్వం 2018లో నిర్ణయించిన గరిష్ఠ పరిమితి 100. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మితిమీరిన వేగానికి కారుకు 1,000 నుంచి 2,000 రూపాయలు, లారీలూ బస్సుల వంటి పెద్ద వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయలు జరిమానా. కెమెరా పట్టిన తప్పుకు ఫోటో, కొలిచిన వేగం జతచేసి 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021లో నిబంధన పెట్టారు. ఇక వాదనకు తావు లేదు.

పదిహేడు కిలోమీటర్లే కదా అని మొదట మనసు సర్దిచెప్పింది. కానీ లెక్క వేరు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. 100కు బదులు 117లో వెళితే ఆ దూరం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. పాదం బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులోనే కారు 32 మీటర్లు ముందుకు దూసుకుపోతుంది.

ఫోటోను పెద్దది చేసి చూశాను. కారు పక్కన, రోడ్డు అంచున, ఒక ఆటో ఉంది. దాన్ని దాటిన జ్ఞాపకమే నాకు లేదు.

ఉద్దానంలో ఉదయం పూట పలాస వైపు వెళ్లే ఆటోలో ఎవరుంటారో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. కిడ్నీ జబ్బు మా పల్లెలను ఏళ్లుగా పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. అంతకు ముందు, మర్హూమ్ మా బావగారిని చివరి రెండేళ్లూ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఆటోలోనే తీసుకువెళ్లేవాడిని. తిరిగి వచ్చేటప్పుడు ఏదైనా కారు రివ్వున దాటిపోతే ఆటో ఊగేది. ఆయన కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో గట్టిగా అదిమి పట్టుకునేవారు. ఆ కార్ల వారిని నేను మనసులో తిట్టుకునేవాడిని.

మన రోడ్లపై ఇంకో అలవాటుంది. ముందు పోలీసు జీపు ఉంటే ఎదుటి వాహనాలు లైట్లు వెలిగించి ఆర్పి హెచ్చరిస్తాయి. నేనూ ఎన్నోసార్లు అలా చేసి, అది సాటి ప్రయాణికుడికి మేలనుకున్నాను. ఆ రోజు నన్ను ఎవరైనా హెచ్చరించి ఉంటే వేగం తగ్గించి, జీపు దాటగానే మళ్లీ పెంచేవాడిని. అది మేలులో సహకారం కాదు, తప్పులో సహకారం. అల్లాహ్ చూస్తున్నాడని పిల్లలకు రోజూ బోధించే నేను, రోడ్డు మీద మాత్రం కెమెరా ఉన్న చోటే భయపడ్డాను.

జరిమానా కట్టేశాను. ప్రభుత్వంతో లెక్క తీరింది. ఆటోలోని వారితో తీరలేదు. దాసుల హక్కుల విషయంలో, నష్టపడిన వారు క్షమించనిదే విముక్తి లేదని మేము పాఠం చెబుతాం. వేగపరిమితి కూడా అలాంటి హక్కే. అది నా కారును అడ్డుకోవడానికి పెట్టింది కాదు, నాకంటే నెమ్మదిగా వెళ్లేవారికి ఆ రోడ్డుపై ఉన్న వాటా. వారెవరో తెలియదు కనుక వారి ఆరోగ్యం కోసం దుఆ చేస్తున్నాను.

నిఖా ఉన్న రోజున ఇప్పుడు చివరి ఇద్దరి సబఖ్ పెద్ద విద్యార్థి వింటాడు. నేను అరగంట ముందే బయలుదేరుతాను.