కక్కు

మా మేనకోడలికి అరచేతులు చెమట పడతాయి. చిన్నప్పుడు పరీక్షల్లో జవాబు పత్రం మీద రుమాలు పరుచుకుని రాసేది. ఇప్పుడు హైదరాబాదులో ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. అదే ఊరమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చినప్పటి నుంచి పట్టుకున్న పిచ్చి. పోటీలో 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. పది మీటర్ల దూరంలో పది మార్కుల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. ఇరవయ్యో గుండు దాటేసరికి పిడి జారుతోందని ఏడుపు.

"ఆ చెక్క ఊడదీసి పట్రా, మా ఆచారిగారికి చూపిద్దాం" అన్నాడు బావ. ఆచారిగారిది తిరువూరు. పిస్టల్ తేలేదు లెండి, మర విప్పితే విడిగా వచ్చేసే చెక్క పిడి ఒక్కటే సంచిలో వేసుకుని విజయవాడలో బస్సెక్కాను. దారిలో కొండపల్లి వచ్చింది. అక్కడి బొమ్మల తెల్ల పొణికి కర్ర దూదిలా తేలిక, నున్నగా రుద్దితే రంగు బాగా పడుతుంది. ఆ బొమ్మను చూడ్డమే గానీ బిగించి పట్టుకునే పని లేదు కదా అనుకున్నాను. ఆ మాట ఎందుకు తోచిందో తిరువూరు వెళ్లాక తెలిసింది.

ఆచారిగారిది వేపచెట్టు కింద రేకుల పాక. కొలిమి ఓ మూల, వడ్రంగం మరో మూల. డెబ్బై దాటిన మనిషి. పిడిని చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశారు, తరవాత గోటితో గీశారు.

"ఏం కర్ర బాబూ ఇది?"

"అక్రోటు కర్రండి. విదేశీ సరుకు."

"గట్టి కర్రే. చెక్కినవాడు పనివాడే. తరవాత ఎవడో ఉప్పు కాగితంతో రుద్ది, మెరుగు పూసి చంపేశాడు."

నిజమే. ఖరీదైన పిడులకు చేసేవాళ్లే గరుకు పెట్టి పంపుతారు. ఇది రెండు మూడు చేతులు మారి వచ్చింది. మధ్యలో ఎవరో దాన్ని అందంగా చేశారు.

"కక్కు కొట్టాలి" అన్నారాయన. ఆ మాట విని ఎన్నేళ్లయిందో! మా వీధిలోకి సుత్తీ ఉలీ పట్టుకుని, రోళ్లకూ తిరగళ్లకూ కక్కు కొడతామని కేకేస్తూ మనుషులు వచ్చేవాళ్లు. రాయి నునుపెక్కితే పప్పు నలగదు, జారిపోతుంది. కొడవలికి పళ్లు పెట్టినా కక్కే. గడ్డి జారకుండా పట్టుకోవాలి. మిక్సీ వచ్చాక రోలుతో పాటు మాటా పెరట్లో పడిపోయింది.

పని మొదలెడతారనుకుంటే పిడి పక్కన పెట్టేశారు. "అమ్మాయి చెయ్యేదీ?"

నేను తెల్లబోయాను. బావ ఫోన్‌లో వీడియో కలిపాడు. అటువైపు పిల్ల సిగ్గుపడుతూ అరచెయ్యి చూపించింది. "వెలుతురుకి తిప్పమ్మా. ఇంకొంచెం. వేళ్లు చాపు." ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూస్తున్నది కాయలు. మధ్యవేలి మొదట్లో ఒకటి, ఉంగరపు వేలి కింద మరొకటి, పెద్దది. "ఇదిగో, ఇక్కడ జారుతోంది. జారిన చోట చెయ్యి బిగిస్తుంది, బిగించిన చోట కాయ కాస్తుంది." కోచ్ ఇన్నాళ్లూ నీ పట్టు తప్పంటున్నాడే గానీ చెయ్యి తిప్పి చూడలేదట.

పాత మేకు మొన అరగదీసి మొద్దుగా చేశారు. పిడిని మోకాళ్ల మధ్య గోనెపట్టా మీద నిలిపి, మేకు ఆనించి చిన్న సుత్తితో తట్టడం మొదలెట్టారు. దెబ్బకో చుక్క. వరస లేదు, కొలత లేదు. గీతలు పెట్టకూడదా అన్నాను. "గీత పీచు వెంట పోతే పెచ్చు లేస్తుంది. చుక్కకా గొడవ లేదు. చెమట చుక్కలో దిగుతుంది, చుక్కకీ చుక్కకీ మధ్య గట్టు చేతిని పట్టుకుంటుంది." మధ్యవేలు, ఉంగరపు వేలు చుట్టుకునే చోట దట్టంగా కొట్టారు. అరచేయి ఆనే చోట పలచన. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పలచన కాబట్టి అక్కడ ముట్టుకోలేదు. చూపుడువేలు ఆడే దారిలో ఒక్క చుక్కా పెట్టలేదు. మీట నొక్కే వేలు స్వేచ్ఛగా ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. "ఆ వేలు పిడిని పట్టుకోవట్లేదుగా" అన్నారు, అంతే.

ప్రతి పాతిక దెబ్బలకీ కళ్లు మూసుకుని పిడిని పిడికిట్లో తిప్పి చూసేవారు. గంటన్నర నేను కదల్లేదు.

ఈలోగా ఓ కుర్రాడు పామాయిల్ గెలలు కోసే పొడవాటి అల్యూమినియం గొట్టం తెచ్చాడు. చెయ్యి జారుతోందట. ఆచారిగారు పాత సైకిల్ ట్యూబు చుట్టి, తీగతో కట్టి పంపేశారు. "గొట్టానికి కక్కేం కొడతాం. ఇప్పుడు నా పని ట్యూబు చుట్టడమే" అని గొణిగారు. వరి యంత్రం కోస్తోంది. పత్తికీ మిర్చికీ కొడవలి అక్కర్లేదు. గోడకు వేలాడే నాలుగు కొడవళ్లు అమ్మకానివి కావు, అలవాటువి.

నాకు చిరాకేసింది, ఎవరి మీదో తెలియదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరం, వడ్రంగం, ఆయుధాలు చేసేవాళ్లూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు. మంచిదే. కానీ పనిముట్టుకు లోటెక్కడ? ఈయన వాడింది అరిగిన మేకు. లోటల్లా చెయ్యి చాపి చూపించేవాళ్లకే. ఇప్పుడు కొట్లో గొడ్డలి కామ వార్నిష్ తళతళలతో వస్తుంది. కొనేవాడు నిమిరి చూసి మురిసిపోతాడు. పొలంలో నిమరడు, పట్టుకుంటాడు, బొబ్బలెక్కించుకుంటాడు. అప్పుడు కూడా తన చెయ్యి మెత్తనిదనుకుంటాడే గానీ కామ తప్పనుకోడు. ఏ చేతికి ఎక్కడ ఎంత గరుకు కావాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఆచారిగారి కొడుకు హైదరాబాదులో రెడీమేడ్ తలుపులు బిగిస్తాడట.

ఎంతివ్వమంటారంటే కొడవలి పిడికి తీసుకునేదే చెప్పారు. ఎక్కువిస్తే నోటు తిరిగిచ్చేశారు. బావ నన్ను మోచేత్తో పొడిచాడు.

వారం తరవాత పిల్ల ఫోన్ చేసింది. అరవయ్యో గుండు దాకా జారలేదు గానీ ఉంగరపు వేలి దగ్గర గుచ్చుకుంటోందట, కాస్త అరగదీయనా అంది. బావ ద్వారా ఆచారిగారిని అడిగించాను.

"ఉప్పు కాగితం తాకించొద్దని చెప్పు. పది రోజులు పట్టుకోమను. అప్పటికీ గుచ్చుకుంటే మళ్లీ చెయ్యి చూపించమను."