తెగిన స్టడ్డు

యంత్రాన్ని నడిపేది ఇంధనమైతే, దానిని ఒక్కటిగా పట్టి నిలిపేవి బోల్టులు, నట్టులు, స్టడ్డులు. అవి సరిగా ఉన్నంతకాలం ఎవరికీ గుర్తు రావు. ఒక్కటి తెగినప్పుడే వాటి విలువ తెలిసివస్తుంది.

తునిలో మా ఇంట ఒక పాత అంబాసిడర్ కారు ఉన్నది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై రూపొందిన ఈ కార్ల తయారీ ఉత్తరపారా కర్మాగారంలో 2014లో నిలిచిపోయినది. కనుక ఉన్న భాగాలను కాపాడుకొనడమే మాకు శరణ్యం. నాయనమ్మను నెలనెలా కాకినాడ వైద్యుని వద్దకు తీసుకొనిపోయేది ఈ కారే. మొన్నటి వేసవిలో ఇంజను నుండి టపటపమని శబ్దం మొదలైనది. సిలిండరు హెడ్డుకు, పొగ వెలువడే మానిఫోల్డుకు నడుమనున్న గాస్కెట్టు కాలిపోయినది. అక్కడ లీకయ్యే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది కారులోనికి చేరితే ప్రాణాపాయం. అందుచేత సెలవులలో అన్నదమ్ములం ఇద్దరం నాన్నగారి ఎదుట, పెరటిలో ఈ పనికి పూనుకొన్నాము.

రాత్రి నట్టులకు నూనె పట్టించి, ఉదయం పానాతో మెల్లగా త్రిప్పాము. ఒక్కొక్కటే వచ్చినవి. చివరిదాని వద్ద స్టడ్డు హెడ్డు అంచున పుటుక్కున తెగినది.

"ఎవరు త్రిప్పారు?" అన్నారు నాన్నగారు. మన ఇళ్లలో ఏది పగిలినా మొదట పుట్టే ప్రశ్న అదే.

వీధి చివరి వృద్ధ మేస్త్రీగారిని పిలిచాము. ఆయన తెగిన ముక్కను ఎండకు పట్టి చూశారు. "అబ్బాయిలను ఏమీ అనకండి బాబుగారూ. ముప్పాతిక భాగం నల్లబడి ఉన్నది, చూడండి. అది ఏనాటిదో పగులు. తళతళలాడే ఈ అంచు ఒక్కటే ఇవాళ తెగినది" అన్నారు. నాన్నగారు మరల ఆ ప్రశ్న అడుగలేదు.

ఇంజను వేడెక్కినప్పుడు లోహం వ్యాకోచిస్తుంది, చల్లారినప్పుడు సంకోచిస్తుంది. ఏళ్ల తరబడి ఇది సాగితే పగులు పుట్టి లోలోపల పెరుగుతుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటికన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక మరల సందులు బిగుసుకొనిపోతాయి. బోల్టును బిగించే బలంలో కూడా నూటికి దాదాపు 90 పాళ్లు ఘర్షణకే పోతుంది. తుప్పు ఆ ఘర్షణను ఇంకా పెంచగా, విప్పే బలమంతా స్టడ్డును మెలిపెట్టడానికే వినియోగమవుతుంది.

మిగిలిన ముక్కకు రంధ్రం చేసి, ఎడమ మరగల పనిముట్టును దిగగొట్టి తీసే పద్ధతి ఒకటి ఉన్నది. మేస్త్రీగారు అందుకు ఒప్పుకొనలేదు. ఆ పనిముట్టు గట్టి ఉక్కు, పెళుసుది. అది లోపల విరిగితే దానిని మామూలు డ్రిల్లు తొలచలేదు, హెడ్డుకే ముప్పు వస్తుంది. ఆయన పెట్రోలు గొట్టాన్ని మూయించి, కార్బురేటరును దూరంగా పెట్టించి, బ్యాటరీ తీగలు విప్పించారు. తెగిన ముక్కపై ఒక నట్టు ఉంచి దాని నడుమ వెల్డింగు చేశారు. చల్లారేవరకు ఎవరినీ తాకనీయలేదు. ఆ వేడికి స్టడ్డు వ్యాకోచించి, చల్లారి సంకోచించడంతో తుప్పు పట్టు సడలినది. పిమ్మట కొంచెం ఇటు, కొంచెం అటు త్రిప్పుతూ, నూనె చుక్కలు వేస్తూ అరగంటలో ముక్కను వెలికి తీశారు. మరలు చెక్కుచెదరలేదు. క్రొత్త స్టడ్డు, క్రొత్త గాస్కెట్టు అమర్చాము. మరుసటి నెల నాయనమ్మ నిశ్చింతగా కాకినాడ వెళ్లివచ్చినది.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష తప్పినవానిని, నడుమ చదువు మానినవానిని చూసి మనం చివరి దినాన్నే లెక్కిస్తాము. అతనిలో ఏనాటి నుండి ఏ పగులు నల్లబడుతూ వచ్చినదో చూడము. పెద్దలు "ఎవరు?" అని అడిగే ముందు "ఎప్పటి నుండి?" అని అడుగగలిగితే, తెగిపోయే ముందే నిలుపుకొనగలిగేవి మన కళాశాలలో ఎన్నో ఉంటాయి.