దూరపు పరుగు పందెములు: మా యనుభవము

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన వ్రాసి యిండని సంపాదకవర్గమువారు కోరిరి. లెక్కలు చెప్పుకొని జీవించు మాకు వ్యాసములు వ్రాయు నేర్పు లేదు. అయినను కొన్ని సంవత్సరములుగా మేము సెలవు దొరకినప్పుడెల్ల రైలెక్కి దూరపట్టణములకు పోయి, అచ్చటి రహదారులపై పరుగెత్తి వచ్చుచుండుట విద్యార్థులందఱు ఎఱిగిన సంగతియే. "చేతిసొమ్ము వెచ్చించి, అంతదూరము పోయి, అలసి వచ్చుట యెందులకు?" అని తల్లిదండ్రులు కొందఱు నవ్వుచు అడిగియున్నారు. వారికి సమాధానముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందు మాకు కీర్తి తెచ్చు విషయము కొంచెము. సిగ్గు తెచ్చినది కొంత గలదు. రెండును దాచక చెప్పెదము.

మొదట పందెమును గూర్చి కొంత తెలిసికొనవలెను. దీనికి మారథాను అని పేరు. గ్రీసు దేశమున మారథాను అను స్థలమునుండి ఏథెన్సు నగరమునకు విజయవార్త మోసికొని పరుగెత్తిన వార్తాహరుని కథనుబట్టి యీ పేరు వచ్చెను. 1896వ సంవత్సరమున ఏథెన్సులో జరిగిన ఒలింపికు క్రీడలలో ఈ పందెమును స్పిరిడాన్ లూయీ అను గ్రీకుదేశస్థుడు గెలిచెను. అప్పటి దూరము సుమారు 40 కిలోమీటర్లు. 1908లో లండను క్రీడలలో పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే 1921లో శాశ్వత ప్రమాణముగా నిర్ణయింపబడెను. మన దేశీయుడగు శివనాథసింగు 1978లో జలంధరు నగరమున ఈ దూరమును 2 గంటల 12 నిమిషములలో ముగించెను. ఆయన నెలకొల్పిన జాతీయ రికార్డు నలువది సంవత్సరములకు పైగా నిలిచియుండెను. అదే దూరమునకు మాకు అయిదు గంటలకు మించి పట్టును. కావున మమ్ము వీరులని యెవరును తలపకుందురు గాక.

మేము పరుగెత్తుట ఆరంభించినది ముప్పదియెనిమిదవ యేట. రక్తములో చక్కెర హెచ్చుచున్నదని చెప్పి, ప్రతిదినము నడువుమని వైద్యులు ఆజ్ఞాపించిరి. నడక కొన్నాళ్లకు పరుగాయెను. వేకువజామున కాలువగట్టు మీద మేము పరుగెత్తుచుండగా, తొమ్మిదవ తరగతి బాలురు ఇద్దఱు శనివారములందు సైకిలుపై నీళ్లసీసాలతో వెంట వచ్చెడివారు. వంతెనలను గుఱుతు పెట్టుకొని, ఎన్ని కిలోమీటర్లయినదో వారే లెక్కించి చెప్పెడివారు. తరగతిలో భిన్నములు రాని బాలునకు గట్టుమీద ఒక్క తప్పును రాలేదు!

2017వ సంవత్సరము నవంబరులో విశాఖపట్టణమున నౌకాదళమువారి పందెములో మొదటిసారి 21 కిలోమీటర్లు పరుగెత్తితిమి. రామకృష్ణా బీచి మొదలుకొని సముద్రతీరపు బాట, కుడిప్రక్క ఉదయించు సూర్యుడు, చల్లని గాలి: ఆ దినము ఎంత సుఖముగ గడచెననగా, పరుగనునది కష్టము కాదని భ్రమపడితిమి. 2018 ఆగస్టులో హైదరాబాదు పందెము ఆ భ్రమను కొంత తొలగించెను. హుస్సేను సాగరపు ఒడ్డున బయలుదేరి గచ్చిబౌలి క్రీడాస్థలము చేరులోపల ఎన్ని యెత్తులు, ఎన్ని పల్లములు! బండిలో పోవునపుడు లెక్కకు రాని వంతెనలన్నియు కాలినడకన పోవువానికి కొండలే.

ఈ ప్రయాణములవలన మేము నేర్చుకొన్న నియమములు కొన్ని గలవు. క్రొత్త బూట్లతో పందెమునకు పోరాదు. పరాయి యూరిలో క్రొత్త తిండి తినరాదు. మా మట్టుకు పెరుగన్నము, అరటిపండు చాలును. దాహము తీరుటకే నీరు త్రాగవలెను గాని, భయముచేత కడుపు నింపరాదు. మితిమీరిన నీటివలన రక్తములోని ఉప్పు పలుచబడి ప్రాణాపాయము గూడ రావచ్చును. అన్నిటికంటె మేలైనది సహపథికుల పరిచయము. గుమాస్తాలు, సిపాయీలు, గృహిణులు, డెబ్బదియేండ్ల వృద్ధులు, తోడివాని చేతిత్రాడు పట్టుకొని పరుగెత్తు అంధులు, అందఱు ఒకే వరుసలో నిలుతురు. అచ్చట ఎవరి జీతమెంతయో ఎవరును అడుగరు.

అయితే ఈ పందెములు మన దేశమున సాధారణముగ ఆదివారము ఉదయముననే జరుగును. రహదారులను బండ్లకు మూయుట ఆనాడే సులభము. ఇందువలన మాకొక చిక్కు కలిగెను. మేము బొంబాయి పందెమునకు పేరు పంపితిమని విని సంఘపెద్ద యొకరు మమ్ము పిలిచి, "మాష్టరుగారూ, ఆదివారమున ఆరాధన విడిచి వీథులవెంట పరుగెత్తుట మన పాఠశాల ఉపాధ్యాయులకు తగునా?" అని అడిగిరి. "అయ్యా, పౌలు అపొస్తలుడు సయితము విశ్వాసి బ్రతుకును పరుగుపందెముతో పోల్చెను గదా" అంటిమి. "పోల్చెను గాని, ఆదివారము పరుగెత్తుమనలేదు" అని వారనిరి. అంతట వారు ఎరిక్ లిడ్డెలు కథ జ్ఞాపకము చేసిరి. మిషనరీ తల్లిదండ్రులకు చీనాదేశమున జన్మించిన ఆ స్కాట్లండు యువకుడు 1924లో పారిసు ఒలింపికు క్రీడలయందు, ప్రాథమిక పరీక్షలు ఆదివారమున పడినందున 100 మీటర్ల పందెమును మానుకొని, తరువాత 400 మీటర్ల పందెమున స్వర్ణపతకము గెలిచెను. పిమ్మట చీనాకు తిరిగిపోయి ఉపాధ్యాయుడై సేవచేసి, 1945లో జపాను వారి నిర్బంధశిబిరమున మరణించెను. ఇది విని మేము తలవంచితిమి. శనివారపు సాయంకాలారాధనలో తప్పక కూర్చుందుమని మాట యిచ్చితిమి గాని, ప్రయాణము మానలేకపోతిమి.

2019 జనవరి నెలలో ఏలూరు స్టేషనున కోణార్కు ఎక్స్‌ప్రెస్సు ఎక్కితిమి. మా డ్రిల్లు మాష్టరుగారు తోడు వచ్చిరి. బొంబాయిలో ముందుగ పేరు చూపి, అంకెగల చీటిని పుచ్చుకొంటిమి. దాని వెనుక చిన్న యంత్రపు తునక యుండును. బాటలో అచ్చటచ్చట పఱచిన చాపలు దాటినప్పుడెల్ల అది మన కాలమును తెలుపును. మాట యిచ్చినట్లే శనివారము ఆరాధనకు పోతిమి. 20వ తేదీ ఆదివారము, తెల్లవారకమునుపే, ఛత్రపతి శివాజీ స్టేషను ఎదుట వేలమందితో నిలిచితిమి.

కిలోమీటరునకు 7 నిమిషములు చొప్పున పోవలెనని కాలువగట్టు మీద అనేకమారులు అభ్యసించియుంటిమి. లెక్కల మాష్టరులము గదా! కాని డప్పులు మ్రోగుచుండ, జనులు కేకలు వేయుచుండ, మెరైన్ డ్రైవు దీపములు వెలుగుచుండ, ఆ లెక్క మఱచితిమి. 6 నిమిషములకొక కిలోమీటరు చొప్పున పరుగెత్తితిమి. డ్రిల్లు మాష్టరుగారు వెనుకనుండి "నెమ్మదిగా, నెమ్మదిగా" అని రెండుమారులు పిలిచిరి. వినియు విననట్లు ముందుకు పోతిమి. 2009లో తెఱచిన వర్లీ సముద్రసేతువును సూర్యోదయవేళ దాటితిమి. మామూలు దినములలో కాలినడకవారిని రానీయని ఆ సేతువుపై, క్రింద సముద్రము చూచుచు, మాకు మేమే గొప్పవారమనుకొంటిమి.

మనుష్యుని కండరములలోను కాలేయములోను నిలువయుండు పిండిపదార్థపు శక్తి సుమారు 30 కిలోమీటర్ల పరుగునకు వచ్చును. వేగము హెచ్చినకొలది అది త్వరగా వ్యయమగును. మా నిలువ మహీము దాటి వచ్చునప్పటికి ముగియనారంభించెను. ఎండ ముదిరెను. వీథిప్రక్కల చిన్నపిల్లలు నారింజతొనలు, బిస్కత్తులు చేతికందించుచుండిరి. తీసికొంటిమి గాని నమలుటకు ఓపిక లేదు. 36వ కిలోమీటరు దగ్గఱ పెద్దరు రోడ్డు ఎత్తు ఎదురాయెను. సగమెక్కునప్పటికి ఎడమకాలి పిక్క ముడిపడి, రాయివలె గట్టిపడెను. ప్రక్కనున్న అరుగుపై కూలబడితిమి. డ్రిల్లు మాష్టరుగారు తమ 7 నిమిషముల నడకతో వచ్చి మమ్ము చూచి ఆగబోయిరి. "మీరు పోవుడు" అని పంపివేసితిమి. వైద్యశిబిరమువారు కాలు పరీక్షించి, ఇక పరుగు వలదనిరి. వెనుకబడినవారిని కొనిపోవు బస్సులో ఎక్కితిమి. కిటికీనుండి ఇంకను పరుగెత్తుచున్న వృద్ధులను చూచుచు ఆ ఆరు కిలోమీటర్లును పోయితిమి.

అసలు పరీక్ష మఱి రెండు దినములకు వచ్చెను. మంగళవారము సాయంకాలము ఏలూరు స్టేషనులో దిగగనే ఆ సైకిలు బాలురిద్దఱు బంతిపూలదండ పట్టుకొని ప్లాట్‌ఫారము మీద నిలిచియుండిరి. తోడి విద్యార్థులు పది పండ్రెండుగురు కేకలు వేసిరి. అప్పుడే నిజము చెప్పవలసినది. నోరు రాలేదు. మెడ వంచి దండ వేయించుకొంటిమి. "మాష్టరుగారూ, పతకమేది?" అని యొకడు అడుగగా, "పెట్టెలో నున్నది" అని డ్రిల్లు మాష్టరుగారి పతకమును మనసులో పెట్టుకొని పలికితిమి. మాట అబద్ధము కాదు. దానిలో సత్యమును లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరగతిలో కాపీ కొట్టిన బాలుని బల్లపై నిలువబెట్టిన దినములు జ్ఞాపకము వచ్చెను.

మఱునాడు ఉదయము ప్రార్థనసభలో ప్రధానోపాధ్యాయుల అనుమతి గైకొని వేదిక యెక్కితిమి. పందెము ముగింపలేదనియు, బస్సులో వచ్చితిమనియు, దండకు మేము పాత్రులము కామనియు, నిన్న మాటలతో మోసపుచ్చితిమనియు చెప్పితిమి. సభలో చీమ చిటుక్కుమనలేదు. దిగి వచ్చునప్పటికి సైకిలు బాలుడు ఎదురువచ్చి, "మాష్టరుగారూ, మిగిలినది ఆరు కిలోమీటర్లే గదా! శనివారము సైకిలు తెత్తునా?" అనెను. మాకు కన్నులు చెమర్చెను. సంఘపెద్దగారు గూడ ఆనాడు సభలో నుండిరి. వారు మా చేయి పట్టుకొని, "ఆదివారపు సంగతి మఱియొకనాడు మాటలాడుదము లెండు" అనిరి.

ఆ యేడాదియంతయు శనివారములు కాలువగట్టు మీదనే గడచెను. ఈమారు బాలురు దూరమును మాత్రమే గాక వేగమును గూడ లెక్కించిరి. 7 నిమిషములకంటె త్వరపడినచో సైకిలు గంట మ్రోగించెడివారు. 2020 జనవరి 19వ తేదీన మఱల అదే స్టేషను ఎదుట నిలిచితిమి. డప్పులు మ్రోగినవి, చెవిలో సైకిలు గంటయే వినబడెను. మొదటి పది కిలోమీటర్లలో అందఱును మమ్ము దాటిపోయిరి. పెద్దరు రోడ్డు ఎత్తును నడచి యెక్కితిమి. ఆ అరుగును చూచి నమస్కరించితిమి. 5 గంటల 18 నిమిషములకు గమ్యము చేరితిమి. ఆ పతకము నేడు మా ఇంట లేదు. సైకిలు బాలురిద్దఱు నెలకొకరు చొప్పున పంచుకొనుచున్నారు.

ఆదివారమును గూర్చి సంఘపెద్దగారికి మేమిచ్చిన సమాధానము వారికి నేటికిని తృప్తి కలిగింపలేదు. వారి మందలింపును మేము గౌరవముతో మోయుచున్నాము.

బాలబాలికలారా! పరీక్షలయందైనను, ఆటలయందైనను, ఆరంభమున చప్పట్లు విని అడుగు తొందరపఱుపకుడు. మీ వేగము మీరెఱిగి నడువుడు. ఒకవేళ దారిలో కూలబడితిరేని, కూలబడితిమని చెప్పుడు. కూలబడినచోటు తెలిసినవానికే మిగిలిన దూరమెంతయో తెలియును. అట్టివానికి సైకిలు తెచ్చు స్నేహితుడు తప్పక దొరకును.