తృప్తిగా ఉందా... టన్‌బ్రిడ్జ్ వెల్స్!

పేపరు చదివి ఒళ్ళు మండిన పెద్దమనిషి ఒకాయన, చదవడం ఆపి సంపాదకుడికి ఘాటుగా ఉత్తరం రాస్తాడు. కింద సొంత పేరుండదు. 'డిస్‌గస్టెడ్, టన్‌బ్రిడ్జ్ వెల్స్' అని మాత్రం ఉంటుంది. ఇంగ్లండులో ఇదో నానుడి. కుర్రాళ్ళ జుట్టు చూసి, రేడియోలో పాట విని, పక్కింటివాళ్ళ గోడ రంగు చూసి చిరాకుపడే ప్రతి పెద్దాయనకీ అక్కడివాళ్ళు ఈ ఊరినే సొంతూరుగా రాసిచ్చేశారు.

ఈ పేరెలా వచ్చిందన్న దానికి రకరకాల కథలున్నాయి. 1950ల్లో స్థానిక పత్రికకి పాఠకుల లేఖలు చాలక, పేజీ నింపడానికి సంపాదకుడు సిబ్బంది చేతే ఉత్తరాలు రాయించాడనీ, వాళ్ళలో ఒకరు ఏ పేరు పెట్టాలో తోచక 'డిస్‌గస్టెడ్' అని సంతకం చేసి ఊరుకున్నారనీ ఒక కథ. పత్రికాఫీసులో పనిచేస్తున్నదాన్ని కాబట్టి, ఈ కథని నమ్మడానికి నాకేమాత్రం కష్టం కాలేదు!

అలాంటి ఊరి పేరు చెప్పుకుని 2012లో ఇద్దరు కుర్రాళ్ళు ఓ బ్యాండు పెట్టారు. ఒకరు డ్రమ్ములు వాయిస్తూ పాడే ఐజాక్ హోల్మన్. ఇంకొకరు గిటారు పట్టిన లారీ విన్సెంట్. బ్యాండు పేరు స్లేవ్స్, అంటే బానిసలు. 2015 జూన్ 1న వాళ్ళ తొలి ఆల్బమ్ వచ్చింది. పేరు 'ఆర్ యూ శాటిస్‌ఫైడ్?'. తృప్తిగా ఉందా అని! ఆ ప్రశ్న ఎవరినడిగారో తెలియాలంటే ఆ ఊరు వెళ్ళాలి.

లండన్ చేరింగ్ క్రాస్ స్టేషన్లో రైలెక్కితే సుమారు గంట ప్రయాణం. కిటికీలోంచి ముందు మేడలు, తర్వాత పెరళ్ళు, ఆ తర్వాత కెంట్ పచ్చిక బయళ్ళు, గొర్రెలు. ఈ దారిలో రోజూ పొద్దున్నే లండన్ ఆఫీసులకి వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు వేలల్లో ఉంటారు. ఆ ఆల్బమ్‌ని ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని సాయంత్రం రైల్లో కూర్చున్నాను. అందులో రెండో పాట 'చీర్ అప్ లండన్'. రైళ్ళలో మొహాలు వేలాడేసుకుని కూర్చునే ఉద్యోగులని ఉద్దేశించి పెట్టిన కేక అది. తలెత్తి చూస్తే పెట్టెలో ఒక్కరూ మాట్లాడుకోవడం లేదు. ఒకాయన టై వదులు చేసుకుని కళ్ళు మూసుకున్నాడు. నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. మన ఎంఎంటీఎస్‌లో అయితే ఈపాటికి పక్కవాళ్ళ అమ్మాయి పెళ్ళి సంబంధం దాకా వెళ్ళి ఉండేవాళ్ళం.

ఊరు పుట్టిందే నీళ్ళ మీద. 1606లో లార్డ్ డడ్లీ నార్త్ అనే కులీనుడు ఇటుగా గుర్రమ్మీద వెళ్తూ తుప్పురంగు నీటి ఊటను చూశాడు. ఇనుము కలిసిన నీళ్ళవి. తాగితే ఒంటికి మంచిదన్న మాట లండన్ దాకా పాకింది. అప్పటికిక్కడ ఊరన్నదే లేదు. మొదటి చార్లెస్ భార్య హెన్రియెట్టా మరియా రాణి వచ్చినప్పుడు దిగడానికి ఇల్లు లేక ఊటకి దగ్గర్లోని మైదానంలో గుడారాలు వేయించుకుంది. రాణిగారొచ్చిన చోటికి దర్జా గలవాళ్ళు రాకుండా ఉంటారా? నీళ్ళు తాగే వంకతో షికార్లు, పేకాటలు, పెళ్ళిచూపులు... అలా ఓ విడిది ఊరు తయారైంది. 1909లో ఏడో ఎడ్వర్డు 'రాయల్' అన్న బిరుదిచ్చాడు. అప్పట్నుంచీ ఊరి పూర్తి పేరు రాయల్ టన్‌బ్రిడ్జ్ వెల్స్.

ఊట ఉన్న వీధి పేరు పాంటైల్స్. ఒకవైపు తెల్లటి స్తంభాల వరండా, దాని నీడలో కాఫీ హోటళ్ళు, నగల దుకాణాలు. ఈ వీధికీ ఓ కోపం కథ ఉంది. 1698లో యువరాణి ఆన్ తన కొడుకుతో వచ్చినప్పుడు ఆ పిల్లాడు ఇక్కడి బురదలో జారిపడ్డాడట. దారి బాగుచేయించమని ఆమె 100 పౌండ్లిచ్చింది. మళ్ళీ వచ్చి చూస్తే పని జరగలేదు. విసవిసా వెళ్ళిపోయి, తర్వాత ఇంగ్లండు రాణి అయ్యాక కూడా ఇటు తొంగిచూడలేదని చెబుతారు. మట్టిపెంకులు పరిచి దారి వేసింది ఆ తర్వాతే. ఆ పెంకుల పేరే వీధికి మిగిలింది. సంతకం పెట్టలేదు కానీ, మొట్టమొదటి 'డిస్‌గస్టెడ్' ఆవిడే అనుకోవాలి!

మన ఇంజినీరింగ్ పిల్లలకి ఈ ఊరితో తెలియని చుట్టరికం ఒకటుంది. సంభావ్యత పాఠంలో నిద్రపట్టకుండా చేసే బేయీస్ సిద్ధాంతం... ఆ థామస్ బేయీస్ ఇక్కడి మౌంట్ సయాన్ ప్రార్థనా మందిరంలో మతబోధకుడు. 1761లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ సిద్ధాంతం అచ్చయింది ఆయన పోయిన రెండేళ్ళకి.

ఇంకో చుట్టరికం పెద్దమనుషులు అంతగా చెప్పుకోనిది. 1970ల మధ్యలో లండన్లో పంక్ సంగీతం ఊపందుకుంది. సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, మూడు మెట్లు నేర్చుకుని మనసులో ఉన్నది అరిచి చెప్పు అన్నదే దాని సూత్రం. ఆ గొడవకి బొమ్మలా నిలిచిన సిడ్ విషస్ అసలు పేరు జాన్ సైమన్ రిచీ. 1960ల చివర్లో తల్లితో కలిసి ఈ ఊళ్ళోనే అద్దెకుండి, ఇక్కడి బళ్ళో చదివాడు. 1979లో, 21 ఏళ్ళకే, మత్తుమందుకి బలైపోయాడు. ఊరి వీధుల్లో నడుస్తుంటే ఆ పిల్లాడు పుస్తకాల సంచితో ఏ మూల మలుపు తిరిగి ఉంటాడా అనిపిస్తుంది.

మళ్ళీ మన ఇద్దరి దగ్గరికి వద్దాం. మామూలుగా రాక్ బ్యాండంటే నలుగురైదుగురుండాలి. వీళ్ళకి బాస్ గిటారు వాయించే మనిషి లేడు, కీబోర్డు లేదు. హోల్మన్ కూర్చుని వాయించడు. చొక్కా విప్పేసి, రెండు మూడు డ్రమ్ముల ముందు నిలబడి, కొడుతూనే గొంతు చించుకుంటాడు. మన దగ్గర డప్పు కొట్టే మనిషి ఒళ్ళంతా ఊగిపోతూ కొట్టడం చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు. పక్కన విన్సెంట్ గిటారు రంపంలా కోస్తూ ఉంటుంది. జోలియన్ థామస్ నిర్మించిన ఈ ఆల్బమ్‌లో 13 పాటలు. 'డిస్పెయిర్ అండ్ ట్రాఫిక్' అని ఒకటి, 'డూ సమ్‌థింగ్' అని ఇంకొకటి. పేర్లు చూస్తేనే విషయం తెలుస్తుంది. ఊరికే కూర్చోకు, ఏదో ఒకటి చెయ్యి అని భుజం పట్టి కుదిపే పాటలు. అసలు పేరున్న పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం హోరంతా ఆగిపోతుంది. మామూలు గిటారు మీద, తగ్గిన గొంతుతో వస్తుందది. అరిచి అరిచి అలసిపోయిన పిల్లాడు రాత్రి మంచం పక్కన కూర్చుని అమ్మతో మాట్లాడినట్టు ఉంటుంది. నన్నడిగితే ఆల్బమ్‌లో మనసుకి పట్టేది అదే.

అన్నీ అంత బాగున్నాయని కాదు. కొన్ని పాటల్లో కేక తప్ప సరుకు కనబడదు. నాలుగు పాటలు వరసగా వింటే ఇంట్లో పెద్దవాళ్ళు ప్లగ్గు పీకేయడం ఖాయం. అయినా అది బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 8వ స్థానానికి ఎక్కింది. ఆ ఏడాది ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో చేరింది. బహుమతి బెంజమిన్ క్లెమెంటైన్‌కి వెళ్ళింది.

ఇంత తృప్తిగా ఉన్న ఊళ్ళో ఈ హోరు ఎక్కడ పెరిగింది? పాంటైల్స్ నుంచి రోడ్డు దాటి, ఒకప్పుడు రాణి గుడారాలు వేసుకున్న ఆ మైదానం వైపు నడిస్తే జవాబు దొరుకుతుంది. అంచునే ఒక చిన్న, పొట్టి భవనం. పేరు ఫోరమ్. ఒకప్పుడది పబ్లిక్ టాయిలెట్! 1993 జనవరిలో కొందరు సంగీతప్రియులు దాన్ని పాటల హాలుగా మార్చారు. కిక్కిరిస్తే 250 మంది పడతారు. మన ఊళ్ళో ఓ మోస్తరు పెళ్ళికి భోజనాల మొదటి బంతికి కూర్చునేంత మంది. 2012లో ఎన్ఎంఈ పత్రిక బ్రిటన్లోకెల్లా మేటి చిన్న వేదికగా దీన్నే ఎంచింది. మన ఇద్దరూ తొలినాళ్ళలో వాయించిన వేదికల్లో ఇదీ ఒకటి.

పగలు చూస్తే తలుపులు మూసి, గోడ మీద పోస్టర్లతో ఏమీ పట్టనట్టుంటుంది. చీకటి పడ్డాక గిటారు పెట్టెలు మోసుకుని కుర్రాళ్ళు చేరతారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఎవరూ విని ఉండరు, ఇకముందు వినకపోవచ్చు కూడా. కానీ తప్పు వాయించడానికి, గొంతు పోగొట్టుకోవడానికి, పదిమంది ముందు పరువు పోయి మర్నాడు మళ్ళీ రావడానికి ఒక గది ఉంది. ఇంట్లో వాయిస్తే పక్కవాళ్ళు ఉత్తరాలు రాస్తారు కదా!

ఇలాంటి గదులే ఇప్పుడు బ్రిటన్లో తగ్గిపోతున్నాయి. 2007 నుంచి 2015 దాకా లండన్ తన చిన్న సంగీత వేదికల్లో 35 శాతం పోగొట్టుకుంది. ఒక్క 2023లో బ్రిటన్ మొత్తం మీద 125 పోయాయి. టిక్కెట్ల మీద వచ్చేది పాడేవాళ్ళకీ, సౌండు, లైట్లు చూసేవాళ్ళకీ సరిపోదు. బారులో అమ్మకాలే బండి లాగాలి. అద్దె పెరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. పక్కన కొత్తగా అపార్టుమెంటు కట్టి, అందులోకి దిగినవాళ్ళు చప్పుడని ఫిర్యాదు చేస్తే అదో తలనొప్పి. 2023లో ఈ వేదికల సగటు లాభం అర శాతమే. వంద రూపాయల వ్యాపారానికి యాభై పైసలు!

వీటిని కాపాడాలని 2014లో మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ అనే సంస్థ పెట్టిన మార్క్ డేవిడ్ ఎవరో కాదు, ఈ ఫోరమ్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు. పెద్ద స్టేడియాల్లో అమ్మే ప్రతి టిక్కెట్టు నుంచీ ఒక పౌండు చిన్న వేదికలకివ్వాలన్నది ట్రస్టు వాదన. 2025 జనవరిలో ముంబయి, అహ్మదాబాద్‌లలో పాడి మనవాళ్ళని ఉర్రూతలూగించిన కోల్డ్‌ప్లే బృందం, అదే ఏడాది బ్రిటన్లో తమ కచేరీల రాబడిలో పదోవంతు ఈ ట్రస్టుకే కేటాయించింది.

ఆ ఇద్దరూ ఇప్పుడేం చేస్తున్నారంటారా? పాడుతూనే ఉన్నారు, కానీ ఆ పేరుతో కాదు. రోజువారీ చాకిరీని తిట్టడానికే 'స్లేవ్స్' అని పెట్టుకున్నామని మొదట్లో చెప్పేవారు. నిజంగా బానిసత్వం అనుభవించిన జాతుల వాళ్ళకి ఆ మాట ఎలా తగులుతుందో ఇద్దరు తెల్లకుర్రాళ్ళు ఆలోచించొద్దా అని చాలామంది నిలదీశారు. నిలదీయడం న్యాయమే. 2022 డిసెంబరులో తప్పు ఒప్పుకుని 'సాఫ్ట్ ప్లే' అని మార్చుకున్నారు. చిన్నపిల్లలు పడినా దెబ్బ తగలకుండా ఆడుకునే మెత్తటి ఆటస్థలాన్ని అక్కడ అలా అంటారు. దీంతో పాత అభిమానులు కొందరు భగ్గుమన్నారు. పంక్ చచ్చిపోయిందని తిట్టిపోశారు. ఆ తిట్లన్నీ పోగుచేసి 2023లో 'పంక్స్ డెడ్' అని పాటే కట్టేశారు వీళ్ళు. 2024లో 'హెవీ జెల్లీ' ఆల్బమ్ వచ్చింది. ఈసారి డిస్‌గస్టెడ్ ఉత్తరాలు రాసింది పెద్దమనుషులు కాదు, పచ్చబొట్ల కుర్రాళ్ళు!

రాత్రి పదిన్నర దాటాక ఫోరమ్ తలుపు తెరుచుకుంది. చెమటతో తడిసిన పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. మైదానం పక్కన కార్లలో తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు. ఒక తండ్రి కారు అద్దం దించి కొడుకుని ఏదో అడిగాడు. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని 'ఏంటీ?' అన్నాడు. ఆయన మళ్ళీ అడిగాడు. వాడు మళ్ళీ 'ఏంటీ?' అని అరిచాడు. చివరికి ఆయన నవ్వేసి, పక్క సీటు మీది సామాను తీసి వెనక్కి పెట్టాడు.