గజంబద్ద కూడా సాగితే?

నిరుడు విద్యార్థులను వ్యాసరచన పోటీకి సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. విషయం గురుత్వ తరంగాలు. తెలుగు ఎం.ఏ. చదివిన నేను నాలుగు పుస్తకాలు తిరగవేసి, భాష సొంపుగా ఉండేటట్లు ప్రసంగించాను. 1916లో ఐన్‌స్టీన్ ఊహించిన ఈ అలలు 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలకు తొలిసారి చిక్కాయనీ, సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన రెండు కృష్ణబిలాలు ఏకమైనప్పుడు అవి పుట్టాయనీ వివరించాను.

వెనుక బెంచీలోంచి ఒక విద్యార్థిని లేచింది.

"సార్, అల వచ్చినప్పుడు స్థలమే సాగుతుందన్నారు. అందులోని కాంతి కూడా సాగుతుంది కదా! బట్టతోపాటు గజంబద్ద కూడా సాగితే ఇక కొలిచేది దేనితో?"

నాకు జవాబు తెలియదు. "అది మన వ్యాసానికి అవసరం లేదు, కూర్చోమ్మా" అన్నాను. ఆమె కూర్చుంది. ఆపైన వారం రోజులు ఏ ప్రశ్నా అడగలేదు. ఆ మౌనం నన్ను బాధించింది.

చివరకు భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని ఆశ్రయించాను. ఆయన ఓపికగా విప్పి చెప్పిన సంగతి ఇది. సూర్యుని పక్కగా పోయే కాంతి వంగుతుందని 1919 నాటి గ్రహణంలో రుజువైంది. గురుత్వ తరంగం పని వేరు. అది ఒక దిక్కున దారిని సాగదీసి, దానికి అడ్డంగా ఉన్న దిక్కున కుదిస్తుంది. మరుక్షణం ఇది తారుమారవుతుంది. లైగోలో ఒకదానికొకటి లంబంగా నాలుగేసి కిలోమీటర్ల భుజాలు రెండు ఉన్నాయి. 2015లో వాటి పొడవులో కలిగిన మార్పు ప్రోటాను వెడల్పులో నూరోవంతుకైనా చాలదు.

అల తాకినప్పుడు భుజంలో అప్పటికే ఉన్న కాంతి సాగే మాట నిజమే. అయితే ఆ కాంతి అక్కడ నిలిచి ఉండదు. సెకనులో అతి స్వల్పభాగంలో వెలుపలికి పోతుంది. దాని వెనుక లేజరునుంచి కొత్త కాంతి మామూలు తరంగదైర్ఘ్యంతోనే ప్రవేశిస్తుంది. దాని వేగం మారదు. దారి పొడవు మాత్రమే మారింది. కనుక సాగిన భుజంలోంచి ఆలస్యంగా, కుదిసిన భుజంలోంచి ముందుగా తిరిగి వస్తుంది. రెండు కిరణాలు కలిసేచోట అడుగు తప్పుతుంది. ఆ తప్పిన అడుగే తరంగం వచ్చిన జాడ. కాంతి ఇక్కడ గజంబద్ద కాదు, గడియారం.

మరునాడు తరగతిలో, "ఆనాడు నాకు తెలియకనే నిన్ను కూర్చోబెట్టానమ్మా" అని ఒప్పుకొని ఈ జవాబు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"మరి సార్, కొత్త కాంతి వచ్చేలోగానే అల తిరగబడితే?"

"తెలియదమ్మా. పద, ఇద్దరం వెళ్లి అడుగుదాం" అన్నాను.

ఒకప్పటి హైదరాబాదు సంస్థానంలో భాగమై, నేడు మహారాష్ట్రలో ఉన్న హింగోలి జిల్లాలో ఇటువంటి కేంద్రం నిర్మించడానికి 2023లో ప్రభుత్వం ఆమోదం తెలిపింది. విద్యార్థి మిత్రులారా! అక్కడ లేజర్లతోపాటు ఇటువంటి ప్రశ్నలు కూడా కావాలి. మిమ్మల్ని కూర్చోమన్న అధ్యాపకుడు ఎవరైనా ఉంటే, మరొక్కసారి లేచి అడగండి. ఆయనకూ అది మేలే.